రాకడకు మరునాడు: క్రైస్తవ యుగాంత సిద్ధాంతముల పరిణామము

తెలుగు క్రైస్తవ కుటుంబములలో 'రాకడ' యను మాటకు ఒక ప్రత్యేకార్థము కలదు. నిఘంటువులో అది కేవలము వచ్చుట. ప్రార్థనా మందిరమున అది క్రీస్తు రెండవమారు మేఘములపై వచ్చుట, మృతులు లేచుట, లోకమునకు తీర్పు జరుగుట అను మూడింటిని ఒక్కటిగా గ్రుచ్చిన మాట. యుగాంతమును గూర్చిన చింత వారికి పొరుగున నున్న హైందవ కుటుంబములకును క్రొత్తది కాదు. కల్క్యవతార కథ పురాణములలో నున్నది. పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము పల్లెపల్లెకును తెలిసినదే. అయినను వీని మధ్య ఒక ముఖ్యమైన భేదము కలదు. పంచాంగ గణితము ప్రకారము కలియుగ ప్రమాణము 4,32,000 సంవత్సరములు. అందు గడచినవి అయిదు వేల పైచిలుకు మాత్రమే. ఇంత దీర్ఘమైన లెక్కను నమ్మినవాడు కోతలు మానుకొని ఇంట కూర్చుండడు. క్రైస్తవ విశ్వాసములో నన్ననో, రాకడ తొలినుండియు సమీపముననే యున్నది. అది ఈ తరముననే రావచ్చును. ఈ యేటనే రావచ్చును. కొందరి లెక్కలో ఫలానా నెల ఫలానా మంగళవారము నాడే రావలసి యుండెను.

కావున ఈ సిద్ధాంతము యొక్క చరిత్ర తెలియవలెనన్న గ్రంథములను, వ్యాఖ్యానములను మాత్రమే పరిశీలించిన చాలదు. నమ్మినవారు ఆ దినమునకు ముందు తమ పొలము నేమి చేసిరో, ఆస్తి నేమి చేసిరో, ఆ దినము ఊరక గడచిపోయిన మరునాడు ఏమి చేసిరో అదియు చూడవలెను. ఏలయన, సిద్ధాంతము పెక్కుమారులు ఆ మరునాటనే క్రొత్త రూపు దాల్చినది.

ఈ యుగాంత గణనలన్నింటికిని మూలము యూదుల దానియేలు గ్రంథము. క్రీ.పూ. 167లో సిరియా రాజు నాలుగవ అంతియొకసు యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేసెను. సున్నతి మొదలగు యూదాచారములను నిషేధించి, ధిక్కరించినవారిని చంపించెను. దానియేలు గ్రంథము ఇప్పుడున్న రూపమును పొందినది ఆ కష్టకాలముననే యని పరిశోధకులలో అత్యధికుల అభిప్రాయము. అందు నాలుగు మృగములు నాలుగు సామ్రాజ్యములుగా వచ్చి పోవును; తుదకు రాజ్యము భక్తులకు దక్కును. ఎంతకాలమున కనిన ప్రశ్నకు సమాధానముగా అందు కొన్ని సంఖ్యలు కూడ చెప్పబడినవి: డెబ్బది వారములు, 1,290 దినములు, 1,335 దినములు, 2,300 సాయం ప్రాతఃకాలములు. హింస పడుచున్న వారికి ఈ సంఖ్యలు ఓదార్పులు. కష్టమునకు ఒక మేర గలదని, ఆ మేర దేవుడు గీచినదని వారు గ్రహింపవలసిన భావము. రెండువేల సంవత్సరముల తరువాత పుట్టినవారు వానిని కూడికలుగా, తీసివేతలుగా మార్చుకొనగలరని ఆ గ్రంథకర్త ఊహించి యుండడు.

క్రీస్తు అనంతరము రమారమి ఇరువది సంవత్సరములకే ఈ నిరీక్షణ యొక్క లౌకిక ఫలితములు కానవచ్చినవి. గ్రీసు దేశపు థెస్సలొనీక పట్టణమున నున్న చిన్న సంఘమునకు అపొస్తలుడగు పౌలు క్రీ.శ. 50 ప్రాంతమున వ్రాసిన పత్రిక, నూతన నిబంధనలో నున్న లేఖలలో బహుశః మొట్టమొదటిది. రాకడకు ముందే చనిపోయినవారి గతి యేమని అచ్చటివారు దిగులు పడిరి. వారు మొదట లేతురనియు, బ్రదికియున్నవారు వారితోగూడ ఆకాశమునకు కొనిపోబడుదురనియు అతడు వ్రాసెను. అదే సంఘమునకు చేరిన రెండవ పత్రికలో స్వరము మారినది. ఆ దినము వచ్చియే యున్నదని కొందరు తొందరపడుచుండిరి; కొందరు పని మానుకొని పరుల యింట భుజించుచుండిరి. పని చేయనొల్లనివానికి కూడు పెట్టనక్కరలేదని ఆ పత్రిక కఠినముగా మందలించుచున్నది. ఇంత తొలినాటనే ఈ మందలింపు అవసరమగుట గమనింపదగిన విషయము.

ఆ శతాబ్ది చివర, దొమీషియను చక్రవర్తి కాలమున, పత్మాసు ద్వీపమున ప్రవాసమున నున్న యోహాను అనునతడు ఆసియా మైనరులోని ఏడు సంఘములకు ప్రకటన గ్రంథమును వ్రాసెను. మృగము, దాని సంఖ్య యగు 666, మహాయుద్ధము, వెయ్యేండ్ల పరిపాలన, క్రొత్త యెరూషలేము — ఇవన్నియు అందలివే. ఈ వెయ్యేండ్ల ప్రస్తావన ఒక్క ఇరువదవ అధ్యాయమున కొలది వాక్యములలో ముగిసినది. అయినను క్రైస్తవ లోకమున ఇంతటి వాదమునకు, ఇంతటి రక్తపాతమునకు కారణమైన వాక్యములు మరి కొన్నిమాత్రమే యుండును.

రోమునగర వాసియగు హిప్పొలిటసు క్రీ.శ. 204 ప్రాంతమున దానియేలునకు వ్రాసిన వ్యాఖ్యానము నేడు లభించు క్రైస్తవ వ్యాఖ్యానములలో ప్రాచీనతమమైన వానిలో నొకటి. అందలి గణితము కంటె అందతడు చెప్పిన రెండు వృత్తాంతములు విలువైనవి. సిరియాలో ఒక సంఘాధ్యక్షుడు క్రీస్తునకు ఎదురేగుద మని తన వారిని స్త్రీలతో, పిల్లలతో గూడ ఎడారికి వెంటబెట్టుకొని పోయెను. వారు కొండలలో, త్రోవలలో దారితప్పి తిరుగాడుచుండగా అధికారి వారిని దొంగల మూక యనుకొని చంపింప సిద్ధమయ్యెను. అతని భార్య క్రైస్తవ విశ్వాసము గలదగుటచే ఆమె మాటవలన వారు బ్రదికి బయటపడిరి. రెండవది నల్లసముద్ర తీరమునందలి పొంతు దేశమున జరిగినది. అచ్చటి అధ్యక్షుడు సాత్త్వికుడు, భక్తుడు. కాని కలలను నమ్మినవాడు. ఒక యేడాదిలో తీర్పు వచ్చునని అతడు చెప్పగా జనులు పొలములను బీడు విడిచిరి. పలువురు తమ ఆస్తి నమ్ముకొనిరి. ఏడాది గడచినది, తీర్పు రాలేదు. కన్యావ్రతము పట్టినవారు పెండ్లాడిరి, మగవారు మరల నాగళ్లు పట్టిరి, ఉన్నది అమ్ముకొన్నవారు బిచ్చమెత్తిరి.

హిప్పొలిటసు ఈ కథలను గేలి చేయుటకు చెప్పలేదు. అతడును రాకడను నమ్మినవాడే. అయితే తన సంఘము తొందరపడకుండ చేయుటకు అతడు మరియొక లెక్క కట్టెను. సృష్టి మొదలు లోకము ఆరువేల సంవత్సరములుండును. క్రీస్తు 5,500వ యేట జన్మించెను. కావున ఇంకను మూడువందల యేండ్ల వ్యవధి కలదు. ఆనాటి రైతునకు ఇది దున్నుకొనుటకు అనుమతి వంటిది.

క్రీ.శ. 313లో కాన్‌స్టంటైను క్రైస్తవులకు మత స్వాతంత్ర్యమిచ్చిన పిమ్మట పరిస్థితి మారినది. రోము సామ్రాజ్యమే పోషకురాలైనపుడు, రోమును మృగముగా తలచు వ్యాఖ్యానమునకు చోటెక్కడ? 410లో గోతులు రోమునగరమును కొల్లగొట్టగా, ఉత్తరాఫ్రికాలోని హిప్పో నగరాధ్యక్షుడగు అగస్తీను 'దైవనగరము' అను బృహద్గ్రంథమును వ్రాసి, వెయ్యేండ్లనగా ఇప్పుడు నడచుచున్న క్రైస్తవ సంఘ కాలమే యని వివరించెను. ఈ వ్యాఖ్య సుమారు వేయి సంవత్సరములు పాశ్చాత్య క్రైస్తవ లోకమును ఏలినది. క్రీ.శ. 1000వ సంవత్సరమున ఐరోపా ఖండమంతయు గడగడ వణకెనని పాఠ్యపుస్తకములలో కొన్నిట వ్రాయుట కలదు గాని, ఆ చిత్రమునకు ఆనాటి ఆధారములు స్వల్పము. దానికి రంగులద్దినవారు పెక్కండ్రు చాల తరువాతి చరిత్రకారులు. పన్నెండవ శతాబ్దిలో ఇటలీ వాస్తవ్యుడగు జోయకీము చరిత్రను తండ్రి యుగము, కుమారుని యుగము, ఆత్మ యుగము అని మూడుగా విభజించి, మూడవది రాబోవుచున్నదని చెప్పుటతో అగస్తీను కట్టిన ఆనకట్టకు తొలి గండి పడినది.

ఆ గండి వరదగా మారిన చోటు జర్మనీలోని మ్యూన్‌స్టరు నగరము. మతసంస్కరణ యుగమున పెద్దవారికే బాప్తిస్మమీయవలెనని వాదించిన అనబాప్తిస్టులను అటు కాథలికులును ఇటు సంస్కర్తలును గూడ చంపించుచుండిరి. దెబ్బలు తిన్నవారిలో ఒక భాగము 1534 ఫిబ్రవరిలో మ్యూన్‌స్టరు నగరపాలనను చేజిక్కించుకొని, అదే క్రొత్త యెరూషలేమని చాటినది. వారి ప్రవక్త యాన్ మాథిస్ అను రొట్టెలు కాల్చువాడు. ఆ యేటి ఈస్టరు దినమున లోకాంతమగునని అతడు చెప్పెను. ఆనాడు అతడు కొద్దిమందితో కోట వెలుపలికి వచ్చి, ముట్టడించియున్న బిషప్పు సైన్యముచే హతుడయ్యెను. అంతటితో అది ముగిసి యుండిన బాగుండెడిది. కాని అతని స్థానమున లైడెన్ పురవాసి యాన్ అను దర్జీ వచ్చి, బహుభార్యాత్వమును శాసనము చేసి, సెప్టెంబరులో రాజుగా ప్రకటించుకొనెను. లోపల జనులు ఆకలిచే మలమల మాడుచుండ రాజసభ వైభవముగా సాగెను. 1535 జూనులో నగరము పడిపోయెను. మరుసటి జనవరిలో రాజును, అతని అనుచరులిద్దరిని చిత్రవధ చేసి, శవములను మూడు ఇనుప బోనులలో సెయింటు లాంబర్టు దేవాలయ గోపురమునకు వ్రేలాడదీసిరి. బోనులు నేటికిని అచ్చటనే యున్నవి.

యాత్రికులు ఆ బోనులను చూచి పోవుదురు. మ్యూన్‌స్టరు చరిత్ర అచ్చటితో ఆగలేదు. మరుసటి సంవత్సరమే, హాలండు దేశమున మెన్నో సైమన్సు అను కాథలిక పురోహితుడు తన పదవిని విడిచి, చెల్లాచెదరైన ఆ అనబాప్తిస్టులను చేరదీసి, కత్తి పట్టుట పాపమని బోధించెను. అతని పేర మెన్నొనైటు లనబడు ఆ జనులు యుద్ధమునకు పోక, ప్రమాణములు చేయక, వ్యవసాయమున ఆరితేరి, శతాబ్దముల తరబడి దేశదేశములకు వలస పోయిరి. వారి ప్రస్తావన మరల రానున్నది.

తేదీ కట్టి ఎదురుచూచిన ఉద్యమములలో మిక్కిలి వివరముగా తెలియవచ్చునది అమెరికాలోని మిల్లరు ఉద్యమము. విలియం మిల్లరు (1782–1849) న్యూయార్కు రాష్ట్రమున లో హాంప్టన్ గ్రామపు రైతు. 1812లో మొదలైన యుద్ధమున కెప్టెనుగా పనిచేసెను. అంతకుముందు దేవుడు లోకమును గడియారమువలె త్రిప్పి విడిచెనను మతము గలవాడు. 1816లో మారుమనస్సు పొందెను. తన పాత మిత్రులు బైబిలులోని చిక్కులను ఎత్తిచూపగా, ప్రతి వాక్యమును పదసూచిక సాయమున పరీక్షించి చూచెదనని పట్టుబట్టి రెండేండ్లు చదివెను. గురువు లేడు, గ్రీకు రాదు, హీబ్రూ రాదు. ఉన్నది ఓపిక, గణితముపై నమ్మకము.

ఆ గణితము చిన్నపిల్లలకు కూడ బోధపడునంతటి సులభమైనది. ప్రవచనములో దినమనగా సంవత్సరము; దీనికి సంఖ్యాకాండమునందును యెహెజ్కేలు గ్రంథమునందును ఆధారము చూపుదురు. కావున దానియేలు చెప్పిన 2,300 దినములు 2,300 సంవత్సరములు. పారసీక రాజగు అర్తహషస్త ఎజ్రాకు ఆజ్ఞాపత్ర మిచ్చిన క్రీ.పూ. 457 నుండి లెక్కించిన, 2,300లో 457 పోగా 1843. ఆ యేట దేవాలయము, అనగా భూమి, అగ్నిచే శుద్ధియగును. క్రీ.పూ. 1కిని క్రీ.శ. 1కిని నడుమ సున్న సంవత్సరము లేదు గనుక ఒకటి కలుపవలెనని తరువాత తెలిసినది. ఆ ఒక్క సంవత్సరపు సవరణ ఎందరి జీవితములను తారుమారు చేసినదో ముందు చూడగలము.

మిల్లరు 1818లోనే ఈ నిర్ణయమునకు వచ్చియు పదమూడేండ్లు బహిరంగముగా మాటలాడలేదు. 1831లో మొదలిడిన అతని ఉపన్యాసములు తొలుత పల్లెలకు పరిమితములు. 1837లో అమెరికాలో బ్యాంకులు దివాలా తీసి, పనులు లేక జనులు అలమటించుచున్న కాలమున వినువారు పెరిగిరి. 1840లో బాస్టను నగర బోధకుడగు జోషువా హైమ్సు పత్రిక స్థాపించి, పటములచ్చొత్తించి, గుడారములు వేయించి ఆ రైతు మాటను దేశమంతట మ్రోగించెను. దానియేలు మృగములును, సంఖ్యలును ఒక్క గుడ్డపై చూపు పటము ప్రతి సభయందును వ్రేలాడుచుండెడిది. పటముపై కూడిక కనబడుచుండగా, కాదనుట సామాన్యునకు కష్టము. నమ్మినవారు సుమారు 50,000 మంది యని సాధారణముగా చెప్పుదురు.

మిల్లరు మొదట దినము చెప్పుటకు ఇష్టపడలేదు. 1843 మార్చి 21 నుండి 1844 మార్చి 21 లోపల అని మాత్రము చెప్పెను. ఆ గడువు దాటినది. సంఘములు వారిని వెలివేసినవి. వీధులలో పిల్లలు, ఇంకను పోలేదా యని ఎగతాళి చేసిరి. 1844 ఆగస్టులో న్యూహాంప్‌షైరులోని ఎక్సెటరు గ్రామమున జరిగిన గుడారపు సభలో శామ్యూల్ స్నో అనునతడు లేచి, యూదుల ప్రాయశ్చిత్త దినము ఏడవ నెల పదవ దినమనియు, ఆ యేట అది అక్టోబరు 22, మంగళవారమనియు చూపెను. ఇది కార్చిచ్చువలె వ్యాపించినది. నాయకులు వెనుదీయుచుండ అనుచరులు ముందు నడచిరి. మిల్లరు అక్టోబరు మొదటి వారమున గాని అంగీకరింపలేదు.

ఆ శరదృతువున జరిగినదే ఈ చరిత్రలోని మర్మము. రైతులు పంట కోయలేదు. దుకాణదారులు తలుపులు మూసిరి. అప్పులున్నవారు తీర్చివేసిరి, పాత తగవులలో తప్పు తమదని ఇంటింటికి పోయి ఒప్పుకొనిరి. న్యూహాంప్‌షైరులోని లెనార్డ్ హేస్టింగ్సు అను రైతు బంగాళాదుంపల చేను త్రవ్వక విడిచెను. పొరుగువారు జాలిపడి తాము త్రవ్వి పెట్టుదుమనగా, ఆ చేనే తన విశ్వాసమునకు సాక్షి యని నిరాకరించెను. తెల్లని అంగీలు ధరించి ఇండ్ల కప్పులెక్కి కూర్చుండిరని పత్రికలు వ్రాసిన కథలు నూరేండ్లు ప్రచారమున నుండెను. 1944లో వెలువడిన ఫ్రాన్సిస్ నికోల్ పరిశోధన ఆ కథలకు నమ్మదగిన సాక్ష్యము లేదని చూపినది. నిజముగా జరిగినది అంతకంటె నిరాడంబరము. చిన్న చిన్న గుంపులుగా ఇండ్లలో చేరి, పాటలు పాడుచు, అర్ధరాత్రి గంటలు లెక్కించుచు కూర్చుండిరి.

తెల్లవారినది. ఆ ఉదయమునకు అమెరికా చరిత్రకారులు 'మహాశాభంగము' అని పేరు పెట్టిరి. న్యూయార్కు రాష్ట్రమున పోర్టు గిబ్సను వాసి హైరం ఎడ్సను ఇంట కూడినవారు తెల్లవారువరకు ఏడ్చిరి. కొందరు తమ పాత సంఘములకు తలవంచుకొని పోయిరి, కొందరు బ్రహ్మచర్యము పాటించు షేకరులలో కలిసిరి, కొందరు మతమునే విడిచిరి. కొందరు మరల మరల క్రొత్త తేదీలు కట్టిరి. మిల్లరు తన లెక్క తప్పెనని ఒప్పుకొనెను గాని రాకడ సమీపమను విశ్వాసమును 1849లో చనిపోవు వరకు విడువలేదు. ఇక హేస్టింగ్సు చేను సంగతి. ఆ యేడు ముందుగా త్రవ్విన దుంపలు కుళ్లు తెగులుచే పాడైనవనియు, ఆలస్యముగా త్రవ్విన అతని దుంపలు నిలిచి మంచి వెల పలికినవనియు అడ్వెంటిస్టు గ్రంథములు సంతోషముగా చెప్పుచున్నవి. అందరి పొలములకును ఆ అదృష్టము పట్టి యుండదు.

సిద్ధాంతమునకు క్రొత్త రూపు వచ్చినది ఎడ్సను మొక్కజొన్న చేనిలో. అక్టోబరు 23 ఉదయమున ఆ చేనికి అడ్డముగా నడచిపోవుచుండ అతనికి ఒక తలపు తట్టినది: తేదీ తప్పు కాదు, స్థలము తప్పు. శుద్ధి కావలసిన ఆలయము భూమి కాదు, పరలోకమందున్నది. క్రీస్తు నిన్న అందు ప్రవేశించెను. పరిశీలింప వీలులేని చోటికి ప్రవచనమును తరలించుట తెలివైన తప్పించుకొనుట యని విమర్శకులందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను సర్వమును పోగొట్టుకొన్నవాడు తన దుఃఖమునకు అర్థము వెదకుకొనుటను కేవలము కపటమనుట న్యాయము కాదు. లియాన్ ఫెస్టింగరు అను మనస్తత్త్వ శాస్త్రవేత్త 1956లో సహచరులతో కలసి ప్రకటించిన గ్రంథమున, జోస్యము తప్పినపుడు నమ్మకము సడలుటకు మారు కొన్ని పరిస్థితులలో మరింత బిగియునని నిరూపింప బూని, మిల్లరీయులను ఒక దృష్టాంతముగా చూపెను. ఎడ్సను తలపు నాధారముగా చేసికొన్న చిన్న గుంపు శనివారారాధన చేపట్టి, ఎలెన్ వైటు అను స్త్రీ నాయకత్వమున ఎదిగి, 1863లో సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘముగా ఏర్పడినది. నాడు సభ్యులు 3,500. నేడు రెండుకోట్లు దాటినారు.

అట్లాంటిక్ సముద్రమునకు ఈవల, ఐర్లండులో, జాన్ నెల్సన్ డార్బీ (1800–1882) అను మాజీ ఆంగ్లికను గురువు వేరొక త్రోవ త్రొక్కెను. ప్లిమతు సహోదరులను సమాజమునకు అతడు ప్రముఖ నాయకుడు. అతని బోధలో దానియేలు లెక్క యూదులకు సంబంధించినది. యూదులు క్రీస్తును నిరాకరించినపుడు ఆ గడియారము ఆగినది. సంఘకాలము లెక్కలోనికి రాని విరామము. ఏ క్షణముననైనను క్రీస్తు తన వారిని ఆకాశమునకు ఎత్తుకొని పోవును. పిమ్మట ఏడేండ్ల శ్రమకాలము, అటుపిమ్మట బహిరంగపు రాకడ, వెయ్యేండ్ల పాలన. తెలుగు సంఘములలో 'ఎత్తబడుట' అని వ్యవహరించునది ఇదియే. ఈ ఏర్పాటులో తేదీ కట్టుటకు చోటులేదు గనుక తప్పిపోవుటకును చోటులేదు. 1909లో అమెరికనుడగు స్కోఫీల్డు ఈ సిద్ధాంతమును బైబిలు పుటల అడుగున వ్యాఖ్యలుగా అచ్చువేయించెను. మూలమేదో వ్యాఖ్యయేదో తెలియని సామాన్య పాఠకునకు రెండును ఒకే వాక్యముగా తోచుట సహజము. 1948లో ఇస్రాయేలు రాజ్యము ఏర్పడగా, ఆగిన గడియారము మరల తిరుగసాగెనని నమ్మినవారు లక్షలు. డార్బీ మూసిన తలుపును అతని శిష్యప్రశిష్యులే ఓరగా తెరచిరన్నమాట.

ఈ త్రోవ గోదావరి డెల్టాకు చేరుటకు ఎంతో కాలము పట్టలేదు. ఆ సహోదర సమాజపు తొలినాటి పెద్దలలో నొకడగు ఆంథొనీ నారిస్ గ్రోవ్సు ఎక్సెటరు పట్టణమున పండ్లవైద్యుడు. రాకడ సమీపముననున్నపుడు ఆస్తి కూడబెట్టుట ఏలయని 1825లో చిన్న పుస్తకము వ్రాసి, తన రాబడిని విడిచి, బాగ్దాదు మీదుగా భారతదేశమునకు వచ్చెను. 1836లో అతని వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీరు దంపతులు మచిలీపట్టణమును, నరసాపురమును చేరి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. వారికి నిర్ణీత జీతము లేదు. గ్రోవ్సు చిత్తూరులో స్థిరపడి, తాను పనిచేసియే బ్రదుకవలెనని పట్టుపురుగుల పెంపకమునకు పూనుకొనెను. రేపే లోకాంతము కావచ్చునని నమ్మినవాడు మల్బరీ మొక్కలు నాటించుట విరుద్ధముగా తోపవచ్చును. థెస్సలొనీక వారికి చేరిన మందలింపు నెరిగినవానికి అట్లు తోపదు. శ్రీరామపురమున 1818లో తెలుగు నూతన నిబంధనయు, మదరాసున 1854లో సంపూర్ణ బైబిలును అచ్చుపడుటతో దానియేలును, ప్రకటనయు తెలుగు ఇండ్లలోనికి వచ్చినవి. బోధకుని నోటినుండి విన్న మాటను ఎవరికి వారు చదివి చూచుకొనుటకు వీలు కలిగినది.

చిత్తూరులో గ్రోవ్సు వద్ద మెలగిన అరుళప్పను అను తమిళుడు దక్షిణమునకు మరలిపోయి, 1860లో తిరునెల్వేలి సీమలో ఒక గొప్ప ఉజ్జీవోద్యమమునకు కారకుడయ్యెను. ఆ గాలి తిరువాన్కూరునకు వీచినది. అచ్చట తమిళ బ్రాహ్మణ కుటుంబమునుండి క్రైస్తవ గురువైన జస్టసు జోసెఫ్ 1875లో, ఆరేండ్లలో, అనగా 1881లో, క్రీస్తు వచ్చునని ప్రకటించెను. ఆ సంవత్సరమును ఊరక గడచినది. అతడును క్రీస్తు ఆత్మరూపమున వచ్చెనని చెప్పి యూయోమయ సభ యను ప్రత్యేక సంఘమును స్థాపించెను. ఎడ్సనును అతడు ఎరుగడు. అయినను సమాధానము మాత్రము అదే మొక్కజొన్న చేనినుండి వచ్చినట్లుండును. అతని లెక్కను నేడు తలచువారు అరుదు. అతని కీర్తనలను మాత్రము కేరళ సంఘములు నేటికిని పాడుకొనుచున్నవి.

మెన్నొనైటులలోను ఈ తేదీల జబ్బు ఒకమారు తిరుగబెట్టినది. రష్యాలో స్థిరపడిన వారిలో క్లాస్ ఎప్ అనునతడు కొన్ని కుటుంబములను బండ్లపై మధ్యాసియాలోని ఖీవా రాజ్యమునకు నడిపించి, 1889 మార్చి 8న క్రీస్తు వచ్చునని చెప్పెను. పిమ్మట దానిని 1891కి మార్చెను. సరిగా ఆ కాలముననే, అదే రష్యాలోని మెన్నొనైటు సహోదరులు పంపగా, అబ్రహాము ఫ్రీసెన్ అను యువకుడు భార్యతో నిజాం రాజ్యమునకు వచ్చి 1890 ప్రాంతమున నల్లగొండలో స్థిరపడెను. ఆ సంఘము పాలమూరు సీమకు వ్యాపించినది. జడ్చర్లలో వారి వైద్యశాల కలదు. మ్యూన్‌స్టరు బోనుల కథ ఆ వైద్యశాలకు పోవు పల్లెవారికి తెలియకపోవచ్చును. వారు ఎరిగినది మరునాటివారిని మాత్రమే.

మిల్లరు అనుయాయుల వారసులును అట్లే వచ్చిరి. దేవుని ఆలయమైన దేహమును శుద్ధముగా నుంచుకొనుటయు రాకడకు సిద్ధపడుటలో భాగమని ఎలెన్ వైటు బోధించుటచే, 1866లోనే వారు బాటిల్ క్రీకు పట్టణమున ఆరోగ్యాలయము తెరచి యుండిరి. మద్యము, పొగాకు విడువవలెనని వారి నియమము; మాంసము విడుచుట మేలని వారి బోధ. 1925లో కృష్ణా మండలమున నూజివీడులో గిఫర్డు స్మారక వైద్యశాలను స్థాపించిరి. ఎన్నో కాన్పులు, ఎన్నో శస్త్రచికిత్సలు జరిగిన ఆ వైద్యశాలను నడపు సంఘపు పేరులో 'అడ్వెంటు' అను మాట యున్నది. అది లాటిను భాషనుండి వచ్చినది. దాని అర్థము రాకడ.